సారథ్య ధర్మము – హెచ్చరిక దీపము

కఠోపనిషత్తు శరీరమును రథముగాను, ఆత్మను రథికునిగాను, బుద్ధిని సారథిగాను, మనస్సును పగ్గముగాను, ఇంద్రియములను గుఱ్ఱములుగాను నిరూపించినది. ఈ ఉపమానమును వినని వైష్ణవ గృహము అరుదు. అయినను అందలి ఒక సూక్ష్మము తరచుగా మరువబడుచున్నది. రథము కదలుటకు గుఱ్ఱముల బలము చాలును. రథికుడు గమ్యము చేరుటకు మాత్రము సారథి మెలకువ కావలెను. గుఱ్ఱము అలసినదో, ఇరుసు వేడెక్కినదో, పగ్గము సడలినదో మొదట తెలిసికొనవలసినవాడు సారథి. తెలిసియు తెలియనట్లు నటించు సారథి తన రథమునకు తానే శత్రువు.

నేటి గృహస్థునకు రథమనగా కారు. యాత్రకు బయలుదేరునపుడు కారును కడిగి, పసుపు కుంకుమలతో బొట్టు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టి, గోవింద నామము పలికి కదలుట ఆచారమైనది. ఇది శ్లాఘనీయమే. అయితే దారిలో కన్నుల యెదుట ఒక ఎర్రదీపము వెలిగినపుడు, 'పూజ చేసితిమి గదా, స్వామియే చూచుకొనును' అని సాగిపోవుట విశ్వాసమగునా? లేక అపరాధమగునా? ఇది యంత్రమునకు సంబంధించిన ప్రశ్నవలె కనబడుచున్నను, నిజమునకు ధర్మమునకు సంబంధించినది. శరణాగతి యనగా నేమో తేల్చవలసిన ప్రశ్న.

ధర్మవరము ఈ విచారమునకు తగిన చోటు. పట్టుచీరలకు పేరెన్నికగన్న ఈ పట్టణమున లక్ష్మీచెన్నకేశవస్వామి కొలువైయున్నాడు. ఇచ్చటి భక్తులు కదిరి నరసింహస్వామి దర్శనమునకును, మదనపల్లె, పీలేరుల మీదుగా తిరుపతికిని ప్రయాణము చేయుచుందురు. సమీపమందలి పెనుకొండ విజయనగర ప్రభువులకు రెండవ రాజధానియై విలసిల్లిన దుర్గము. ఆ పెనుకొండ మండలములోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ప్రారంభించినది. రాజుల గుఱ్ఱములు తిరిగిన నేల నుండి నేడు కార్లు వెలువడుచున్నవి. వాహనము లభించుట సులభమైనది. సారథ్యము మాత్రము సులభము కాలేదు. 2022 మార్చి 26వ తేదీ రాత్రి, వివాహ నిశ్చితార్థమునకై ధర్మవరము నుండి తిరుపతికి బయలుదేరిన వారి బస్సు భాకరాపేట ఘాటులో లోయలో పడి పలువురు మరణించిరి. శుభకార్యమునకు పోవుచున్న వారి యిండ్లలో శోకము నిండినది. ఇతరుల ప్రాణములను తన చేతిలో నుంచుకొని స్టీరింగు పట్టువాని బాధ్యత ఎంతటిదో చెప్పుటకు వేరొక నిదర్శనము అక్కరలేదు.

సారథ్యము ఇంజను మ్రోగుటతో మొదలగునని పలువురి తలంపు. అది అంతకు ముందే మొదలగును. ఉదయము బండి సమతలమున నిలిచి, ఇంజను చల్లగానున్నపుడే నూనె మట్టమును కొలపుల్లతో చూచుట, రేడియేటరు నీటిని, చక్రముల గాలిని, బండి క్రింద నేలపై చమురు మరకలేమైన పడినవేమోయని పరిశీలించుట మొదటి పని. పిమ్మట ఆసనమున కూర్చుండి, హ్యాండ్‌బ్రేకు వేసియున్నదని నిశ్చయించుకొని, గేరును న్యూట్రలులో నుంచి, క్లచ్‌ను పూర్తిగా నొక్కవలెను. గేరులో నున్న బండిని స్టార్టు చేసినచో అది ఒక్కసారిగా ముందునకు దుముకును. ఎదుట నున్నది గోడయో, ఆడుకొను పసిబిడ్డయో దానికి తెలియదు. గేర్లు తమంతట తామే మారు బండ్లలో 'పార్కు' స్థానమున నుంచి, బ్రేకును నొక్కిపట్టవలెను.

అటుపై తాళపుచెవిని స్టార్టరు వరకు పోనీయక, దీపములు వెలుగు మెట్టు వద్ద నిలిపి, ఒకటి రెండు క్షణములు ఆగవలెను. డీజిలు బండ్లలో స్ప్రింగు చుట్టవంటి గుర్తుగల పసుపు దీపము ఆరువరకు నిరీక్షింపవలెను. ఆ లోపల ఇంజను గదులు వేడెక్కుచుండును. అప్పుడు స్టార్టరును త్రిప్పవలెను. 10 సెకనులలో ఇంజను అందుకొననిచో వదలి, అర నిమిషమైనను ఆగి మరల యత్నింపవలెను. విడువక త్రిప్పినచో స్టార్టరు మోటారు కాలును, బ్యాటరీ క్షీణించును. ఇంజను అందుకొన్న వెంటనే ఆక్సిలరేటరును అదిమి గర్జింపజేయరాదు. రాత్రియంతయు అడుగున చేరియున్న నూనె పై భాగములకు ఎక్కుటకు కొన్ని క్షణములు పట్టును. తలుపులు మూసిన షెడ్డులో ఇంజనును ఆడించుచుండుట ప్రాణాంతకము. పొగలోని కార్బన్ మోనాక్సైడు రంగును వాసనయు లేని విషము.

ఇక దీపముల భాష తెలియవలెను. ఎరుపు 'ఆగుము' అనును. పసుపు 'త్వరలో చూపించుము' అనును. ఆకుపచ్చ, నీలము రంగులు ఏ దీపము వేయబడినదో, ఏ పని జరుగుచున్నదో తెలుపును. చుక్క రాలుచున్న నూనెడబ్బా బొమ్మ ఎర్రగా వెలిగినచో ఇంజనులో నూనె పీడనము తగ్గినదని అర్థము. అట్టి స్థితిలో కొద్ది నిమిషములు నడపినను లోపలి భాగములు ఒరసికొని ఇంజను బిగిసిపోవును. వెంటనే ప్రక్కకు తీసి ఆపుటయే మార్గము. అలలపై నిలిచిన ఉష్ణమాపకము బొమ్మ ఇంజను మితిమీరి వేడెక్కినదని తెలుపును. బండిని ఆపి చల్లారనీయవలెనే గాని, వేడిమీద రేడియేటరు మూత తీయరాదు, ఆవిరి ముఖమున చిమ్మి కాల్చును. బ్యాటరీ బొమ్మ వెలిగినచో బ్యాటరీకి విద్యుత్తు చేరుట లేదని అర్థము. వలయములో ఆశ్చర్యార్థకముగల ఎర్రదీపము హ్యాండ్‌బ్రేకు దింపిన తరువాతను ఆరనిచో బ్రేకు ద్రవము తగ్గియుండవచ్చును. ఆ బండిని కదలింపరాదు. ఇంజను ఆకృతిగల పసుపు దీపము నిలకడగా వెలిగినచో మెల్లగా మెకానికు వద్దకు చేర్చవచ్చును. మినుకుమినుకుమని కొట్టుకొనినచో ఇంధనము సరిగా మండుట లేదని తెలిసికొని, వేగము తగ్గించి, ఆపదగిన చోట ఆపవలెను.

ఈ దీపముల ఏర్పాటులో ఒక గంభీరమైన నీతి ఇమిడియున్నది. తాళపుచెవిని త్రిప్పిన తొలి క్షణమున, ఏ దోషమును లేకున్నను హెచ్చరిక దీపములు వెలుగును. ఇంజను నడకనందుకొనగా ముఖ్యమైనవి ఒకటొకటిగా ఆరును. ఎందుకు? దోషమును చెప్పవలసిన దీపము చెప్పగల స్థితిలో నున్నదా యని యంత్రము తన్ను తాను పరీక్షించుకొనుచున్నది. ప్రారంభమున వెలుగని దీపము, ఆపద కలిగినపుడును వెలుగదు. కావున 'దీపము వెలుగలేదు గదా, దోషము లేదు' అను మాట సంపూర్ణ సత్యము కాదు. దోషము లేక ఆరియున్న దీపము వేరు. తానే చెడి ఆరియున్న దీపము వేరు. చూచువానికి రెండును ఒక్కటిగానే కనబడును.

అంతఃకరణము గూడ ఇట్టిదే. 'నా మనస్సు నన్నేమియు తప్పు పట్టుట లేదు' అని నిశ్చింతగా నుండువాడు ఇద్దరిలో నొకడు: శుద్ధుడైనను కావలెను, మొద్దుబారినవాడైనను కావలెను. తానెవ్వడో తెలిసికొనుటకు దినారంభమున ఆత్మపరీక్ష ఆవశ్యకము. ప్రాతఃకాలమున స్వామి సన్నిధిని నిలిచి, నిన్నటి మాటను, నిన్నటి లావాదేవీని, నిన్నటి కోపమును తలచుకొని కొంచెము సిగ్గుపడగలిగినచో, లోపలి దీపము ఇంకను పనిచేయుచున్నదని సంతోషింపవచ్చును. ఆ సిగ్గు అనారోగ్యము కాదు, ఆరోగ్యమునకు గుర్తు.

చెడిన దీపముకంటె ఘోరమైనది మూయబడిన దీపము. ఒక కుటుంబము యాత్రకు పోవుచున్నదనుకొందురు గాక. వెనుక కూర్చున్న వృద్ధురాలు, "నాయనా, ఆ ఎర్రగా వెలుగుచున్నదేమి?" అని అడుగును. "ఏమీ లేదవ్వా, అది పోయిన నెల నుండియు అట్లే వెలుగుచున్నది" అని మనుమడు బదులు చెప్పును. మరికొందరు ఆ వెలుగు కంటికి ఇబ్బందిగా నున్నదని దానిపై నల్ల టేపు అంటింతురు. దీపమును మూసినంత మాత్రమున నూనె నిండునా? రావణుని కథ ఇదియే. మారీచుడు వలదనెను, విభీషణుడు సీతను మరలింపుమని సభలో బోధించెను, మాల్యవంతుడు సంధి హితమని చెప్పెను. రావణుడు చెప్పినవారిని కసరెను, విభీషణుని అవమానించి పోగొట్టుకొనెను. లంకలో హెచ్చరిక ఆగిపోయినది. ఆపద మాత్రము ఆగలేదు. ఆ విభీషణునే శ్రీరాముడు శరణాగతునిగా అంగీకరించుట వైష్ణవులకు పరమ ప్రమాణమైన ఘట్టము. హితము చెప్పువానిని వెడలగొట్టినవాడు రావణుడు; చేరదీసినవాడు రాముడు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. దర్శన సమయము నిర్ణీతమైయున్నది, ముహూర్తము దాటిపోవుచున్నది, దారిలో ఆగిన కార్యము చెడదా? దీనికి మహాభారతము ద్రోణపర్వములో సమాధానమున్నది. సూర్యాస్తమయము లోపల సైంధవుని వధింపనిచో అగ్నిప్రవేశము చేయుదునని అర్జునుడు శపథము చేసియున్న దినమది. అంతటి తొందర మరొకరికి కలుగదు. అయినను గుఱ్ఱములు బాణముల దెబ్బలకు నొచ్చి అలసినవని గ్రహింపబడగా, శత్రుసేనల నడుమనే రథము నిలిచినది. అర్జునుడు బాణముతో నేలను చీల్చి జలాశయమును కల్పించెను. జగన్నాథుడైన శ్రీకృష్ణుడు స్వహస్తములతో గుఱ్ఱములను విప్పి, గ్రుచ్చుకొన్న బాణములను తీసి, నీరు త్రావించి, సేదదీర్చి మరల పూన్చెను. శపథము నెరవేరినది. సంకల్పమాత్రమున సర్వమును చేయగల ప్రభువే సారథియైన పిమ్మట సారథి ధర్మమును విడువలేదు. ఆగుట వలన కార్యము చెడలేదు. ఆగుట కార్యములో భాగమైనది.

ధర్మవరపు నేతగాండ్రకు ఈ సత్యము చేతిపనిలోనే తెలియును. పడుగులో ఒక్క పోగు తెగినను మగ్గము నాపి, దానిని వెదకి అతికిన తరువాతనే పేక వేయుదురు. పెండ్లివారు వాకిట వేచియున్నారని తెగిన పోగుతోనే నేసినచో, ఆ లోపము చీర పొడవునను కనబడును. పట్టుపోగునకు చూపు శ్రద్ధను ప్రాణములకు చూపకుండుట ఎట్లు తగును?

ఇక శరణాగతి విషయము. ప్రపత్తికి అంగములుగా పెద్దలు ఆరింటిని చెప్పిరి: ఆనుకూల్య సంకల్పము, ప్రాతికూల్య వర్జనము, మహావిశ్వాసము, గోప్తృత్వ వరణము, ఆత్మనిక్షేపము, కార్పణ్యము. 'స్వామియే చూచుకొనును' అనువాడు మహావిశ్వాసమును పట్టుకొనెను గాని మొదటి రెండింటిని విడిచెను. ప్రభువునకు ప్రీతియైనది చేయుదును, అప్రియమైనది మానుదును అను సంకల్పము లేని విశ్వాసము విశ్వాసము కాదు. సోమరితనమునకు వేసిన తిరునామము. బండిలో కూర్చున్న ప్రతి ప్రాణియు స్వామి సొత్తే అయినపుడు, ఆ సొత్తును తెలిసి తెలిసి ఆపదలోనికి నడుపుట స్వామికి ప్రియమెట్లగును?

పిల్లికూన న్యాయమును ఉదాహరించి, 'తల్లి నోట పట్టుకొని పోవునపుడు కూన చేయవలసినదేమున్నది?' అని కొందరు వాదింతురు. ఆ న్యాయము గొప్పది. అయితే అది తన రక్షణ భారమును ప్రభువుపై నుంచువానికి చెప్పబడినది. ఇతరుల భారమును తాను వహించి స్టీరింగు పట్టువాడు ఆ క్షణమున కూన స్థానమున లేడు. తల్లి స్థానమున నున్నాడు. తల్లిపిల్లి కన్నులు మూసికొని గోడలు దాటదు.

కదిరిలో ఫాల్గుణమున జరుగు నరసింహస్వామి రథోత్సవమును చూచిన వారికి ఇంకొక దృశ్యము గుర్తుండును. వేల చేతులు మోకులు లాగుచుండగా, చక్రముల ప్రక్కన కొందరు కొయ్యదిమ్మెలు పట్టుకొని నడచుచుందురు. రథము ప్రక్కకు ఒరిగినను, వేగము మించినను దిమ్మెను చక్రము క్రింద పెట్టి అదుపు చేయుదురు. 'స్వామి రథమే కదా, స్వామియే ఆపుకొనును' అని వారిలో నొక్కడైనను దిమ్మెను పారవేయడు. వారి జాగరూకతయే వారి భక్తి. వారి దిమ్మెయే వారి పూలమాల.

తిరుమల కొండకు మొదటి ఘాటు రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. ఆ మలుపులలో ఎక్కునపుడు ఇంజను వేడిని, దిగునపుడు బ్రేకుల వేడిని గమనింపవలసియుండును. దిగుడులో తక్కువ గేరున నుంచి ఇంజను పట్టుతో వేగము నిగ్రహింపవలెనే గాని, ఎడతెగక బ్రేకు నొక్కినచో అది వేడెక్కి పట్టు కోల్పోవును. ఇంజనును ఆపి, ఇంధనము మిగులునని దొర్లించుకొని దిగుట ఆత్మహత్యతో సమానము. శ్రీనివాసుని చేరుటకు కొన్ని నిమిషములు ఆలస్యమైనచో ఆయన వేచియుండును. ఇంటివద్ద వేచియున్న వారికి, రాని మనుష్యుని ఎవరును తెచ్చియీయలేరు.

కావున యాత్రకు బయలుదేరు గృహస్థుడు కొబ్బరికాయతోపాటు కొలపుల్లను గూడ చేతబట్టుగాక. తాళపుచెవిని త్రిప్పిన ఆ ఒకటి రెండు క్షణములలో, ఎదుటి దీపములు వెలిగి ఆరు లోపల, గోవింద నామమును స్మరించుచు బండి దీపములను, లోపలి దీపమును కలిపి పరీక్షించుకొనుగాక. దారిలో ఎర్రదీపము వెలిగినపుడు దానిని విఘ్నమని విసుగుకొనక, పార్థసారథి పగ్గమును సున్నితముగా లాగినట్లు భావించి ఆగుగాక. హెచ్చరికను విని ఆగినవాని ప్రయాణమే స్వామి పాదములను చేరును.