అద్దె యింటి నందివర్ధనము

హౌరా విడిచి ఖరగ్‌పూర్ వైపు పోవు లోకలు రైలు మొదట ఆగు స్టేషను టికియాపారా. రైలు పట్టాలు, ఇరుకు సందులు తప్ప అక్కడ పూలకు చోటెక్కడిదని తోచును. అట్టి సందులో నాకు తెలిసిన తెలుగు రైల్వే కార్మికుడొకడు, తన అద్దె గది వాకిట, అడుగున రంధ్రము చేసిన పాత బకెట్టులో నందివర్ధనపు కొమ్మను నాటుచుండెను.

“వచ్చే యేడు రిటైరై ఊరికి పోవుదువు గదా, ఇది నీకేల?” అని అడిగితిని.

“మేము వచ్చినప్పుడు ఈ వాకిట్లో ఏమీ లేదు అయ్యగారూ. తర్వాత వచ్చేవాళ్ళకైనా పూలుంటాయి గదండీ” అనెను.

ఆ మాట నన్ను గద్దించెను. మనము ఈ లోకములో పరదేశులమని నేను అనేక పర్యాయములు బోధించితిని. అయితే ఆ సత్యమును బాధ్యత తప్పించుకొనుటకు సాకుగా చేసికొంటినా? హెబ్రీ పత్రిక మనలను యాత్రికులనుచున్నది, నిజమే. కాని బబులోను చెరలోనున్న వారికి యిర్మీయా వ్రాసిన లేఖ, తోటలు నాటుడనియు, ఆ పట్టణపు క్షేమమును కోరుడనియు ఆజ్ఞాపించుచున్నది. రెండును ఒకే దేవుని మాటలు. యాత్రికుడు దేనిని తనదని పట్టుకొనడు. అందుచేతనే ఇతరుల కొరకు నాటగలడు.

నందివర్ధనము మన దేశపు మొక్క. వంగీయులు దీనిని టగర్ అందురు. విరిచినచోట పాలు కారును. ఆ విరిచిన కొమ్మనే వర్షకాలమున నాటినచో వేరూనును. నీరు నిలువని మన్ను, కొంత వెలుగు చాలును.

ఆ హుగ్లీ తీరముననే, హౌరాకు ఎగువనున్న సేరంపూరులో విలియం కేరీ బైబిలు అనువాదముతోపాటు తోటను కూడ పెంచెను. 1823లో వరద ఆ తోటను పాడుచేయగా, ఆయన మరల నాటనారంభించెను. 1818లో సేరంపూరున అచ్చయిన తెలుగు క్రొత్త నిబంధనను నేడు మనము చదువుట లేదు; తరువాతి వారి అనువాదము మన చేతికి వచ్చినది. అంతమాత్రమున ఆయన శ్రమ వ్యర్థమా? అనువాదకుడనైన నేనును అద్దె యింటివాడనే.

తరువాత వచ్చువాడు ఆ మొక్కకు నీరు పోయునో, పెరికివేయునో ఎవరెరుగుదురు? ఆ పూచీ దేవుడు మనకీయలేదు. నాటుమని మాత్రము సెలవిచ్చెను.

ప్రియ చదువరీ, నీవు విడిచిపోవలసిన వాకిట నేడు ఏమి నాటుచున్నావు?