అనుమోదకుని వాటా

మనిషి పేరు మీద యంత్రం చేసే పనికి కర్త ఎవరన్న ప్రశ్న డెస్క్‌టాప్ కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివారికీ వర్తించేదే. అక్కడ నడిచే ప్రోగ్రాము సాధారణంగా తనను తెరిచిన వాడుకరి హక్కులతోనే నడుస్తుంది. ఏ ఫైలును చెరిపే హక్కు అతనికి ఉందో దాన్ని చెరిపే హక్కు ఆ ప్రోగ్రాముకూ దక్కుతుంది, అతడు ఆ పనిని కోరాడా లేదా అని వ్యవస్థ విచారించదు. అందరి కోసం సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం, ఇతరుల ఖాతాలను మార్చడం, వ్యవస్థకు మూలమైన ఫైళ్లను తిరగరాయడం వంటి, కంప్యూటర్ మొత్తం మీద చెల్లే హక్కులను అడ్మినిస్ట్రేటర్ హక్కులంటారు. యునిక్స్ సంప్రదాయంలో ఇవి రూట్ అనే ఖాతాకు చెందుతాయి. దాని గుర్తింపు సంఖ్య సున్న, ఫైళ్లకు పెట్టిన మామూలు అనుమతులు దానికి అడ్డురావు.

చేసేవాడు కర్త, చేయించేవాడు కారయిత, పురికొల్పేవాడు ప్రేరకుడు, సమ్మతించేవాడు అనుమోదకుడు అని, మంచికైనా చెడుకైనా ఫలంలో ఈ నలుగురికీ సమానమైన పాలు ఉంటుందని మన ధర్మవిచారం చెబుతుంది. ఈ విభజనను కంప్యూటర్‌కు అన్వయిస్తే, ఇరవై ఏళ్ల నాటి ఒక మార్పు ఎంత లోతైనదో తెలుస్తుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఇళ్లలో సృష్టించుకున్న మొదటి ఖాతాకే అడ్మినిస్ట్రేటర్ హక్కులుండేవి కనుక, ఆ ఖాతాలో తెరిచిన ప్రతి ప్రోగ్రాముకూ ఆ హక్కులన్నీ అడగకుండానే అందేవి. వాడుకరి తనకు తెలియకుండానే కారయిత అయ్యేవాడు. అనుమోదించడానికి గాని, కాదనడానికి గాని అతనికి ఒక క్షణమంటూ ఉండేది కాదు. 2007లో జనం చేతికి వచ్చిన విండోస్ విస్టా ఆ క్షణాన్ని సృష్టించింది. అడ్మినిస్ట్రేటర్ లాగిన్ అయినప్పుడు వ్యవస్థ అతని పేరు మీద రెండు టోకెన్లు, అంటే హక్కుల పత్రాలు, తయారుచేస్తుంది. మామూలు పనులన్నీ హక్కులు తగ్గించిన పత్రంతో సాగుతాయి, పూర్తి హక్కుల పత్రం అవసరమైనప్పుడు తెర మసకబారి ఒక ప్రశ్న కనిపిస్తుంది. ఆ ప్రశ్న వేరే తెర మీద నిలుస్తుంది కాబట్టి మామూలు హక్కులతో నడిచే ఇతర ప్రోగ్రాములు అతని బదులు ‘అవును’ నొక్కలేవు.

హక్కు ఉన్నవాడు తనను తానే అనుమతి అడగడంలో అర్థమేమిటని ఇక్కడ ఆక్షేపించవచ్చు. అడిగేవాడు, ఇచ్చేవాడు ఒకరే అయితే ఆ అనుమతి వట్టి లాంఛనమే. అయితే ఆ తెర మీద అడుగుతున్నది మనిషి కాదు, అతని పేరు వాడుకుంటున్న ప్రోగ్రాము. మనిషిని అతని పేరు నుంచి కాసేపు విడదీసి చూపడమే ఆ ప్రశ్న చేసే మేలు. 2015లో యాపిల్ సంస్థ మ్యాక్‌లో దీన్ని ఇంకా ముందుకు తీసుకువెళ్లి, వ్యవస్థ ఫైళ్లను రూట్ ఖాతా కూడా మార్చకుండా కట్టడి చేసింది. అది యజమాని స్వాతంత్ర్యాన్ని హరించిందన్న విమర్శ తేలిగ్గా తీసివేయదగినది కాదు గాని, కంప్యూటర్‌ను రికవరీ స్థితిలో మళ్లీ ప్రారంభించి యజమాని ఆ కట్టడిని తొలగించుకోగలడు. నడుస్తున్న ప్రోగ్రాము అతనికి తెలియకుండా ఆ దారి పట్టలేదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. తెర మీద ప్రోగ్రాము పేరు, దాన్ని ప్రచురించిన సంస్థ పేరు, ఆ సంస్థ తెలియకపోతే తెలియదన్న హెచ్చరిక ఉంటాయి. హక్కులు చేతికి వచ్చాక ఆ ప్రోగ్రాము ఏం చేయబోతుందో మాత్రం ఉండదు. కనుక వాడుకరి సమ్మతించేది కార్యానికి కాదు, కర్త మీది నమ్మకానికి. చేయబోయే పని తెలియకుండా ఇచ్చిన సమ్మతిని పూర్తి అనుమోదనగా లెక్కించడం న్యాయం కాదు. పైగా విస్టాలో ఆ ప్రశ్న మాటిమాటికీ ఎదురై విసుగెత్తించడంతో, చదవకుండా నొక్కేవారు, దాన్ని పూర్తిగా ఆపివేసుకున్నవారు ఎందరో తయారయ్యారు. 2009 నాటి విండోస్ 7లో ప్రశ్నలు తగ్గించవలసి వచ్చింది. మనసు పెట్టకుండా నొక్కినవాడు బాధ్యత నుంచి తప్పించుకోలేడన్నది నిజమే అయినా, మనసు మొద్దుబారేంతగా ప్రశ్నించిన రూపకర్త ప్రేరకుడే, అతని వాటా చిన్నది కాదు.

సమ్మతిని వీలైనంత చిన్న కార్యానికి కుదించడమే దీనికి తగిన సమాధానం. ప్రతి ప్రోగ్రాముకూ, ప్రతి వాడుకరికీ చేతిలోని పనికి అవసరమైనంత మేరకే హక్కులుండాలన్న సూత్రాన్ని జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లో ప్రచురించిన వ్యాసంలో స్పష్టంగా ప్రతిపాదించారు. 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో పుట్టిన సూడో అనే ఆదేశం ఈ సూత్రానికి దగ్గరగా నడుస్తుంది. రూట్‌గా లాగిన్ అయి కూర్చోకుండా, ఒక్క ఆదేశానికి ముందు ఆ మాట చేర్చి, తన పాస్‌వర్డే ఇచ్చి, ఆ ఒక్క పనికి రూట్ హక్కులు పొందవచ్చు. ఎవరు, ఏ టెర్మినల్ నుంచి, ఏ ఫోల్డర్‌లో ఉండి, ఎవరి హోదాలో, ఏ ఆదేశం నడిపారో సమయంతో సహా లాగ్‌లో నమోదవుతుంది. పూజకు ముందు దేశకాలాలు, గోత్రనామాలు, చేయబోయే కర్మ చెప్పుకునే సంకల్పానికి ఈ నమోదు ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉంది. రెండింటిలోనూ కర్త తన పేరు చెప్పుకుని, పని హద్దు చెప్పుకుని మొదలుపెడతాడు. 2004లో వచ్చిన ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ రూట్ ఖాతాకు నేరుగా లాగిన్ లేకుండా చేసి, ఈ పద్ధతినే మామూలు ఇళ్లకు తెచ్చింది.

ఇంటిల్లిపాదీ ఒకే అడ్మినిస్ట్రేటర్ ఖాతాను వాడుకునే కంప్యూటర్‌లో ఇవన్నీ నిరర్థకమవుతాయి. అక్కడ విండోస్ అడిగేది ఒక్క నొక్కు మాత్రమే. ఎక్కడి నుంచో దించుకున్న ఆటను ఆడాలని పిల్లవాడు ‘అవును’ నొక్కినా సమ్మతి తండ్రి పేరు మీదే చెల్లుతుంది. పిల్లవాడికి మామూలు ఖాతా ఒకటి ఇస్తే అదే తెర అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అప్పుడు తండ్రి లేచి వచ్చి ఆ ఆట పేరు, దాన్ని చేసినవారి పేరు చదవవలసి ఉంటుంది.