చెరువుకట్ట ఎవరిది?



శాతవాహనుల నాటి పట్టణము మట్టిదిబ్బలై పడియున్న మన కొండాపూరు దాపున ఒక పల్లెకు, గత వర్షకాలమున, ప్రార్థనకూటమునకై పోవుచు మేము చెరువుకట్ట మీదుగా నడిచితిమి. కట్ట వెలుపలి అడుగున నీరు ఊరుచుండెను. సంఘములోని ఒక పెద్దమ్మ ఆ తడిని పది దినముల క్రిందటనే చూచినదట. ఎవరితోనైన చెప్పితిరా అమ్మా అని అడిగితిమి. “మనకేం భూమి ఉన్నదని చెప్పాలె అయ్యగారూ? మా మామ వెట్టికి మట్టి మోసిండు, చాలదా?” అనెను.

ఆమె పలికినది అబద్ధము కాదు. నిజాము కాలమున కట్టకు తట్ట మోసినది మన పితరులు. ఆ నీట పండిన వరి ఒకరి గాదెలో చేరెను. కనుక ఆమెది సోమరితనమని మేము తీర్పు తీర్చజాలము.

అయితే నీరు పట్టా చూచి పారదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచినప్పుడు, ఎగువనున్న చిన్న చెరువులనేకము తెగి ఆ వరదను పెంచెను. చనిపోయినవారిలో ఆ చెరువుల క్రింద గుంటెడు మడి లేనివారెందరో! మన పల్లెలలో మాత్రము పల్లపు వాడలలోని ఇండ్లు ఎవరివి?

ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:8 ఆజ్ఞాపించుచున్నది. పడబోవువాడు బంధువా, అన్యుడా అని అచ్చట విచారణ లేదు. కాని ఇంటికి యజమానుడు గలడు, చెరువుకెవరు? సర్కారే అందురు. 2015లో మిషన్ కాకతీయ పేర చెరువుల పూడిక తీయించి, కట్టలు, తూములు బాగుచేయించుటకు పూనుకొనిరి. మంచిదే. అయినను ఇంజనీరుగారు దినదినము కట్టమీద నడువరు. యౌవనులు పటాన్‌చెరు కార్ఖానాల షిఫ్టులకు పోవుదురు. మిగిలినది ముసలివారు, మేకలు.

ఊరు నీరు తేటగానుండిన కొంత ఊరట. మట్టి కలిసి వచ్చిన యెడల కట్ట లోపలి మన్ను కొట్టుకొనిపోవుచున్నదని తెలియవలెను. ఎలుకలు, ఎండ్రికాయలు త్రవ్విన బొరియలు, సర్కారు తుమ్మ వేళ్లు కుళ్లి విడిచిన సందులు, ఇవే దానికి దారులు. చేపలు పోకుండ అలుగుకు అడ్డముగా వల కట్టి చెత్త నిలువనిచ్చుట మరింత కీడు. అలుగు దూకవలసిన నీరు కట్టనే దాటును, మట్టికట్ట దాని నోర్వదు. (ఈ మాటకు మా సంఘములోనే కొందరు అలుగుదురు!) కట్టమైసమ్మ జాతరకు పోము గనుక కట్టకును పోమనువారు గలరు. జాతర మానుట వేరు, కాపు మానుట వేరు.

బలవంతముగా మోయించిన తట్టను మరల ఎత్తుడని చెప్పుటకు మాకు నోరు రాదు. ఆయకట్టు అనుభవించువారు కూలి యిచ్చి పని చేయింపవలెను. కాని చూచినదానిని చెప్పుట వెట్టి కాదు. చెప్పకుండుటకు భూమి లేమి సాకు కానేరదని మా తలంపు.

ఆ సాయంకాలమే పెద్దమ్మను వెంటబెట్టుకొని సర్పంచిగారి యొద్దకు పోతిమి. ఆయన వచ్చి చూచెను. నీరు తేటగానే యుండెను. ఇప్పుడామె మేకలను తోలునప్పుడెల్ల అచ్చట నిలిచి చూచుచున్నది. “ఈ కావలికి కూలి ఎవరిస్తరు అయ్యగారూ?” అని మొన్న మమ్ము నడిగెను. మేమింకను ఉత్తరము చెప్పలేదు.