స్థావరమైన జంగమము

లోకమునందలి సమస్తమును పెద్దలు స్థావరమనియు, జంగమమనియు రెండుగా విభజించిరి. నిలిచియుండునది స్థావరము, కదలునది జంగమము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణపురమున బసవేశ్వరుడు ఈ రెంటిలో జంగమమునకే పెద్దపీట వేసెను. కదలికయే చైతన్యమని వీరశైవులు చిన్ననాటినుండియు వినుచున్నదే. అట్టివారికి నేటి రహదారిమీద ఒక వింత కానవచ్చును. గంటకు నూరు కిలోమీటర్లు పరుగెత్తుటకు నిర్మింపబడిన వాహనములు వందలుగా చేరి, ఒకదాని వెనుక నొకటి, కొండరాళ్లవలె కదలక నిలిచియుండును. జంగమము స్థావరమైనది! దానిలోపల కూర్చున్న మనుజుని మనస్సు మాత్రము నిలువక కుతకుతలాడుచుండును. ఆ కుతకుత న్యాయమైనదేనా, న్యాయమైనచో దాని నెవరిపై చూపవలెను అనునది విచారింపదగిన ప్రశ్న.

ఉదయము తొమ్మిది గంటలకును, సాయంకాలము ఆరు గంటలకును హైదరాబాదు రహదారుల స్థితి ఎట్లుండునో చెప్పనక్కరలేదు. సంక్రాంతికి ముందు రెండు మూడు దినములు విజయవాడ రహదారిపై పంతంగి టోల్‌గేటువద్ద బారులు తీరిన కార్ల ఛాయాచిత్రములు ఏటేట పత్రికలలో వచ్చుచునే యున్నవి. 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగ్ తప్పనిసరి చేసినను పండుగనాటి బారు తీరలేదు. ఇది మహానగరపు రోగమనియు, అడవి అంచుననున్న ఖమ్మం, భద్రాచలం ప్రాంతములకు దీనితో పనిలేదనియు తలచువారు మిర్చి కాలమున ఒకమారు ఖమ్మం వ్యవసాయ మార్కెటు పరిసరములకు పోయి చూడవలెను. బస్తాలు నింపుకొన్న ట్రాక్టర్లు, డి.సి.ఎం.లు, ఆటోలు, వాని నడుమ బడిపిల్లల బస్సులు. ఘాటునకు తుమ్ములు, ఎండకు చెమటలు, పైన హారన్ల మోత. ఆ మోతవలన ముందున్న బండి అంగుళమైనను కదలదని హారను నొక్కువానికి తెలియును. తెలిసియు నొక్కును.

ఇక భద్రాచలము. 1965లో నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించిన గోదావరి వంతెన ఒక్కటియే సుమారు అరువది సంవత్సరములు సారపాక ఒడ్డును భద్రాచలపు ఒడ్డుతో కలిపినది. విజయవాడ వైపునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా చింతూరు, కుంట, జగదల్‌పూరులకు పోవు 30వ జాతీయ రహదారికి అదియే ద్వారము. శ్రీరామనవమికిని, ముక్కోటికిని వచ్చు యాత్రికుల బస్సులు, కలప లారీలు, ఇసుక లారీలు, ఛత్తీస్‌గఢ్‌కు పోవు సరుకు లారీలు, అన్నియు ఆ ఇరుకు దారినే పోవలెను. ఒక్క లారీ చెడి నిలిచిన చాలు, రెండు ఒడ్డులును బిగిసిపోయెడివి. 2015లో మొదలైన రెండవ వంతెన 2024లో గాని వాడుకకు రాలేదు.

ఈ వంతెన విషయమున గమనింపదగిన దొకటి కలదు. 2022 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద 71.3 అడుగులకు పొంగెను. చివరిదగు మూడవ ప్రమాద హెచ్చరికయే 53 అడుగులవద్ద నిత్తురు. వంతెనపై రాకపోకలు పూర్తిగా ఆపివేసిరి. ఈ ఒడ్డువారు ఈ ఒడ్డున, ఆ ఒడ్డువారు ఆ ఒడ్డున చిక్కుపడిరి. భయపడిరి, దుఃఖపడిరి, మ్రొక్కుకొనిరి. అంతే గాని గోదావరిపై కోపించి పండ్లు కొరికినవారు లేరు. అదే వంతెనపై పండుగనాడు అరగంట నిలిచినవాడు ముందున్న లారీ డ్రైవరును, వాని తల్లిదండ్రులను గూడ తిట్టును. పోయిన కాలమే కోపమునకు కారణమైనచో గోదావరిపై నూరురెట్లు కోపము రావలెను గదా! కావున కోపము కాలనష్టమునుండి పుట్టుట లేదు; తన దారికి తనవంటి మనుష్యుడొకడు అడ్డు వచ్చెనను తలంపునుండి పుట్టుచున్నది. నది అడ్డుపడిన దానిని విధి యనుకొనును. మనుష్యుడు అడ్డుపడిన దానిని అవమాన మనుకొనును.

అడ్డువచ్చిన ఆ మనుష్యుడెవడు? వాని లారీలో నేమున్నది? ఒకమారు దిగి చూచినచో మంచిది. జామాయిల్, సుబాబుల్ కర్రలున్నచో అవి సారపాక కాగితపు మిల్లునకు పోవుచున్నవి. ఆ కాగితము రేపు ఏ మందుల డబ్బాయో అగును. ఇసుక యున్నచో అది ఎవరి ఇంటి గోడకో పోవుచున్నది. సత్తుపల్లి గనుల బొగ్గు, భద్రాచలం రోడ్డు–సత్తుపల్లి రైలుమార్గము 2022లో వచ్చువరకు, లారీలలోనే కొత్తగూడెమునకు వచ్చుచుండెడిది. ఆ లారీలను తిట్టుకొనుచు ఇల్లు చేరినవాడు చేసెడి మొదటి పని ఫ్యాను స్విచ్చి వేయుట! (భద్రాచలం రోడ్డు అను స్టేషను కొత్తగూడెములో నున్నది. ఆ పేరు నమ్మి రైలు దిగిన యాత్రికుడు రాముని చూచుటకు మరి నలుబది కిలోమీటర్లు రోడ్డుమీదనే పోవలెను.) 2010 ఆగస్టులో చైనా దేశమున బీజింగు–టిబెట్టు రహదారిపై వాహనములు నూరు కిలోమీటర్ల పొడవున పది దినములకు పైగా నిలిచిపోయినపుడు గూడ ఆ వరుసలో బొగ్గు లారీలే మెండుగా నుండెను. దారికి అడ్డమని తిట్టబడు వస్తువు తిట్టువాని ఇంటికే పోవుచున్నది.

“ట్రాఫిక్కులో చిక్కుకొంటిని” అని ప్రతివాడును చెప్పును. ఆ వాక్యమున ట్రాఫిక్కు ఇతరులు, చిక్కుకొన్నవాడు తాను. వాని వెనుక కారులోనివాడును అదే వాక్యము చెప్పుచున్నాడు. వాని లెక్కలో ట్రాఫిక్కు ఎవరు? ఇది వ్యాకరణదోషము కాదు గాని, వ్యాకరణదోషముకంటె పెద్దది.

జపాను శాస్త్రజ్ఞులు 2008లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. 230 మీటర్ల చుట్టుకొలతగల గుండ్రని దారిపై 22 కార్లనుంచి, అందరును గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగమున నడుపుడని చెప్పిరి. ఆ దారిలో కూడలి లేదు, గుంత లేదు, టోల్‌గేటు లేదు, అడ్డముగా పండుకొన్న ఆవు లేదు. అయినను కొంతసేపటికి కార్లు ఆగుట మొదలైనది. ఒకడు ముందువానికి కొంచెము దగ్గరగా పోయి బ్రేకు వేసెను. వెనుకవాడు మరికొంచెము గట్టిగా వేసెను. వాని వెనుకవాడు ఆగియే పోయెను. ఆ ఆగుట అలవలె వెనుకకు ప్రాకినది. దోషి యెవడని వెదకినచో ఆ ఇరువదిరెండుగురిలో ఒక్కడును దొరకడు. పూర్తిగా నిర్దోషియైనవాడును దొరకడు.

ఈ దేశమున ఇట్టి ప్రయోగమునకు ప్రత్యేకముగా దారి వేయనక్కరలేదు. రైల్వే గేటు చాలును. గేటు పడగానే మొదట వచ్చినవారు ఎడమప్రక్క వరుసగా నిలుతురు. తరువాత వచ్చిన మోటారుసైకిలువాడు ప్రక్కనుండి ముందుకు పోవును. వాని వెనుక ఆటో, ఆటో వెనుక కారు. రైలు వచ్చులోపల దారి వెడల్పంతయు నిండును. గేటునకు అవతలను ఇదే వరుస. గేటు లేచునప్పటికి కురుక్షేత్రమునందలి రెండు సేనలవలె ఎదురెదురుగా నిలిచియుందురు. పోవుటకు మాత్రము త్రోవ యుండదు. ఐదు నిమిషములలో తీరవలసినది అరగంట పట్టును. ముందుకు వచ్చిన ప్రతివాడును సంపాదించినది రెండు బండ్ల దూరము. అందరికిని కలిగించిన నష్టము అరగంట, ఆ అందరిలో తానును ఉన్నాడు. వాడు దుర్మార్గుడా యనిన, కాడు. ఇంటివద్ద సౌమ్యుడే; అంగడిలో చిల్లర ఎక్కువ వచ్చిన తిరిగి యిచ్చువాడే. “నేనొక్కడినే గదా” యను ఏడక్షరముల తలంపు వానిచేత నీ పని చేయించినది. అక్కడనున్న రెండువందలమందికిని అదే తలంపు వచ్చెను.

దారి వెడల్పు చేసినచో తీరును గదా యందురు. చేయవలసినచోట చేయవలసినదే, రెండవ వంతెన తొమ్మిదేండ్లు పట్టుటను ఎవరును మెచ్చరు. కాని ఆంథొనీ డౌన్స్ అను అమెరికా ఆర్థికవేత్త 1962లోనే ఒక సంగతి చూపెను. పెద్ద దారి వచ్చినచో అంతవరకు వేరు వేళల, వేరు దారుల, బస్సులలోను రైళ్లలోను పోవుచున్నవారు రద్దీ వేళ దానివైపే మరలుదురు. అది మరల నిండును. వంతెనలు రెండైనను వాని చివరనున్న ఊరొకటియే. ఆలయము చుట్టునున్న వీధులు సాగవు. మరియు ఈ ప్రాంతమున దారి పెరుగుట యనగా అడవి తరుగుట. చింతూరు దాటిన తరువాత మారేడుమిల్లి ఘాటు మలుపులో పెద్ద లారీ యొకటి ఇరుక్కొన్నపుడు వెనుక నిలిచినవారు కొండనే తొలువుమందురు. కార్యాలయముల వేళలు, బడుల వేళలు, మార్కెటునకు సరుకు తెచ్చు దినములు కొంచెము ముందువెనుకలు చేసినచో కాసు ఖర్చు లేదు. అయినను అది జరుగదు. ఏలయన ప్రతివాడును ఇతరుల వేళ మారవలెనని కోరును.

కోపింపరాదనుట బసవేశ్వరుడు విధించిన శీలములలో నొకటి. దానిని చెప్పి, ఓర్పు వహింపుడని వ్యాసము ముగించుట తేలిక. కాని ఓర్పు బోధించువారిని ముందుగా అడుగవలసిన దొకటి కలదు: ఈ ఆలస్యమువలన తమకు పోయినదేమి? చల్లని కారులో పాటలు వినుచు కూర్చున్నవానికి పోయినది సుఖము మాత్రమే. తెల్లవారుజామున ఆటోలో పదిమంది ఇరుకుకొని మిరపకాయ ఏరుటకు పోవు కూలి స్త్రీలకు కిలో లెక్కన కూలి. గంట పోయిన గంట కూలి పోయినట్లే. తెలంగాణములో ఇంటర్మీడియట్ పరీక్షకు ఒక్క నిమిషము ఆలస్యమైనను లోనికి రానీయని నియమము చాలకాలముండెను; తరువాత ఐదు నిమిషములు సడలించిరి. ఆ నియమమున్న నాడు బస్సు కిటికీలోనుండి మెడ చాచి చూచిన విద్యార్థికి ఓర్పు చెప్పుటకు ఎవరికి నోరు వచ్చును? ఒకే వరుసలో నిలిచినవారందరికిని కాలము ఒకే వెల కాదు. కాయకమే కైలాసమని నమ్మినవారు పరుని కాయకపు కాలమును గూడ పవిత్రముగా నెంచవలెను గదా. కూడలిలో మే నెల ఎండకు నిలిచిన ట్రాఫిక్ కానిస్టేబులును “వానికేమి పని, ఊరక చేయి ఊపును” అనువారు అతని స్థానమున ఒక గంట నిలిచి చూడవచ్చును.

కావున కోపమంతయు అన్యాయమనుట పొరపాటు. ఒక నాయకుని వాహనశ్రేణి పోవుటకై వందలమందిని అరగంట ఎండలో నిలిపినపుడు వచ్చు కోపము వేరు. బిజ్జలుని మంత్రియైన బసవేశ్వరుని అనుభవమంటపమున చర్మకారుడైన హరళయ్యయు, చాకలియైన మడివాళ మాచయ్యయు సరిసమానముగా కూర్చుండిరని సంప్రదాయము. అట్టి సంప్రదాయమువారు ఆ నిలుపుదలను తప్పనుట తప్పు కాదు. అచట అడ్డము వచ్చినది మనుష్యుడు కాదు, హోదా. అయితే ఆ కోపమునకు పోవలసిన చోటు అర్జీ, సభ, ఓటు. ప్రక్క ఆటోవానిపై దానిని వెడలగ్రక్కుట పిరికితనము.

ఒక్క వాహనము విషయమున మాత్రము సమానత్వము మాట చెల్లదు. చింతూరు, కుంట అడవి పల్లెలనుండి ప్రసవవేదన పడు స్త్రీలను, పాముకాటు తగిలినవారిని భద్రాచలము ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికి తెత్తురు. 2014లో చింతూరు మండలము ఆంధ్రప్రదేశ్‌లో కలిసినను, కుంట ఛత్తీస్‌గఢ్‌లోనిదైనను, రోగము రాష్ట్రపు ఎల్లలెరుగదు. అచట చేయి దాటినచో వంతెన దాటించి సుమారు 120 కిలోమీటర్ల దూరముననున్న ఖమ్మమునకో, అంతకు దూరమైన వరంగల్లునకో పంపుదురు. ఆ అంబులెన్సు వంతెనవద్ద నిలిచినచో దానిలోనున్న గర్భిణి ఎవరిపై కోపింపవలెను? ఆమెకు కోపించు ఓపిక యైన నుండదు.

2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము అంబులెన్సునకు దారి విడువనివానికి పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలలవరకు జైలు, లేదా రెండును కలవు. నడిరోడ్డున బిగుసుకొన్న వరుసలో ఆ దోషి నెట్లు గుర్తింతురు? వెనుకనుండి సైరను వినబడిన పిమ్మట దారి విడువవలెనని అందరును కోరుదురు. కోరినను ముందు బంపరు, వెనుక బంపరు, ప్రక్కన పిట్టగోడ. జర్మనీ దేశమున నియమము వేరు. అచట పెద్ద రహదారిపై వాహనముల వేగము తగ్గగానే, అంబులెన్సు వచ్చినను రాకున్నను, ఎడమ వరుసవారు ఎడమకును, తక్కినవారు కుడికిని ఒరగి నడుమ ఒక త్రోవ విడిచి నిలుతురు. ఆగునపుడే విడుతురు, ఆగిన తరువాత కాదు.

భద్రాచలము వంతెనలపై గాని, ఖమ్మం వీధులలో గాని అంతటి వెడల్పు లేకపోవచ్చును. అయినను పెద్ద బండ్లు ఎడమ అంచునకు ఒరగి ఆగినచో నడుమ కొంత చోటు మిగులును. ఆ చోటు ఎంత యనిన, ఒక ఆటో దూరుటకు చాలునంత. సాధారణముగా అందులో ఒక ఆటో దూరియే యుండును.