మంటికుండలోని క్రయపత్రము

ధ్యానభాగము: యిర్మీయా 32:6–25

సిద్కియా ఏలుబడిలో అది పదియవ సంవత్సరము. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియున్నది. పట్టణము శత్రువు చేత చిక్కునని ప్రకటించినందున యిర్మీయా ప్రవక్త రాజమందిరమందలి చెరసాల ప్రాకారములో ఉంచబడెను. రొట్టెలు కాల్చువారి వీధినుండి అతనికి దినమునకొక రొట్టె వచ్చుచుండెను. అదియు పట్టణములో రొట్టెలున్నంతవరకే (37:21). అట్టి దినములలో పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలమును కొనుమని అడిగెను.

అనాతోతు యెరూషలేమునకు ఈశాన్యముగా సుమారు 5 కిలోమీటర్ల దూరమున నున్నది. ఆ సీమ అప్పటికే కల్దీయుల పాలై యుండవలెను. అంతేకాదు, ఆ ఊరివారు ఒకప్పుడు యిర్మీయా ప్రాణము తీయజూచినవారు (11:21). హనమేలును రప్పించినది బంధుప్రీతియో, అక్కరకురాని నేలను వదలించుకొను ఉపాయమో లేఖనము చెప్పదు. అయినను అది యెహోవా వాక్కని ప్రవక్త గ్రహించి, 17 తులముల వెండి తూచి యిచ్చెను. నేటి లెక్కకు అది 200 గ్రాములకు లోపే. సాక్షులు చేవ్రాళ్లు చేసిరి. ముద్రగల పత్రమును ముద్రలేని పత్రమును బహుదినములు నిలుచునట్లు మంటికుండలో ఉంచుమని బారూకునకు ఆజ్ఞయయ్యెను. దస్తావేజు వ్రాయించుకొనిన వారెవరికైనను తెలిసిన జాగ్రత్తలే ఇవి. దేవుని పని గదా అని యిర్మీయా ఒక్కదానినైనను విడిచిపెట్టలేదు.

7వ వచనములో పొలమును విడిపించు హక్కునకు హెబ్రీలో ‘గెఉల్లా’ అని పేరు. రూతు గ్రంథములో బోయజును గూర్చియు, యెషయా గ్రంథములో ఇశ్రాయేలు విమోచకుని గూర్చియు వాడబడిన ‘గోయేల్’ అను మాటకును ధాతువు అదే. తెలుగులో ఒక్కొక్కచోట ఒక్కొక్క మాట వాడవలసి వచ్చుటచేత ఈ చుట్టరికము మరుగుపడినది. ముట్టడిలోనున్న ప్రవక్త బంధువుని ధర్మము నెరవేర్చెను. తన జనులయెడల దేవుడు చేయనున్నదియు అదే.

పత్రము బారూకు చేతికిచ్చిన పిమ్మటనే అతడు ప్రార్థించెను. దేవునికి అసాధ్యమైనదేదియు లేదని ఆరంభించినవాడే, చివరకు ముట్టడిదిబ్బలను చూపి, ఇట్టి వేళ పొలము కొనుమంటివే యని కలవరపడుచు ముగించెను. కలవరమును అవిశ్వాసమని తలంచువారు ఈ ప్రార్థనను మరల నిదానముగా చదువవలెను. అతడు ప్రశ్నించెను; కాని వెండిని మాత్రము తిరిగి అడుగలేదు.

తరువాత యిర్మీయా ఐగుప్తునకు కొనిపోబడెను (43:6–7). ఆ పొలములో అతడు నాగలి పెట్టినట్లు లేఖనములో ఎక్కడను లేదు. క్రీ.పూ. 538లో కోరెషు ఆజ్ఞ వెలువడిన పిమ్మట చెరనుండి మరలివచ్చినవారి పట్టిక ఎజ్రా గ్రంథములో నున్నది. చదువరులు సాధారణముగా దాటిపోవు ఆ పేర్ల నడుమ, 2వ అధ్యాయము 23వ వచనమున, అనాతోతువారు 128 మంది లెక్కింపబడిరి.