మందు ఓడిందా, మనిషి ఓడిందా?

'దద్దుర్లతో ఎవరైనా చచ్చిపోతారా?' అన్న మాట, ఈ జబ్బుతో బాధపడే ఆడవాళ్ళలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. కారణం కనిపించకుండా ఆరు వారాలకి మించి ఒంటిమీద దద్దుర్లు లేస్తూ ఉంటే దాన్ని దీర్ఘకాలిక అర్టికేరియా అంటారు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఇది దాదాపు రెట్టింపు. ఏళ్ళ తరబడి ఉండొచ్చు. ఒక్కో దద్దురు సాధారణంగా 24 గంటల్లోపే మాయమైపోతుంది. రాత్రంతా గోక్కుని, పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి చూపించడానికి ఏమీ మిగలదు. చాలాకాలం వైద్యులు దీన్ని కారణం తెలియని జబ్బు అన్నారు. కారణం తెలియనిచోట ఆడమనిషి 'నరాలు', 'టెన్షన్' కారణాలైపోవడం మనకి కొత్తేం కాదు.

ఈ జబ్బుకి ఒమాలిజుమాబ్ అనే ఇంజక్షన్ ఉంది. అమెరికాలో 2003లో ఆస్తమాకి అనుమతి పొందిన ఈ యాంటీబాడీ మందుని 2014లో దద్దుర్లకీ అనుమతించారు. ఇది రక్తంలోని ఐజీఈని పట్టుకుని, మాస్ట్ కణాలకి అంటకుండా చేస్తుంది. ఆ కణాలు హిస్టమిన్ చిమ్మితేనే కదా దద్దురు లేచేది. అనుమతికి ఆధారమైన ఒక ప్రయోగంలో 12 వారాలకి దురదా దద్దుర్లూ పూర్తిగా పోయినవాళ్ళు 36 శాతం. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో అది 9 శాతమే. మరి మిగతావాళ్ళ సంగతి? ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పగలమా? ఐజీఈ మరీ తక్కువగా ఉన్నవాళ్ళలో ఫలితం రాకపోయే అవకాశం ఎక్కువ. దానికి తోడు థైరాయిడ్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు ఎక్కువగా ఉంటే, సొంత రోగనిరోధక వ్యవస్థే మాస్ట్ కణాలని నేరుగా రెచ్చగొడుతోందని అనుమానిస్తారు. అలాంటివాళ్ళలో మందు ఆలస్యంగా పనిచెయ్యొచ్చు, అసలు చెయ్యకపోనూవచ్చు. అయితే ఐజీఈ తక్కువ ఉన్నా మేలు పొందినవాళ్ళు ఉన్నారు. ఈ అంకెలు చెప్పేది గుంపు గురించి, ఎదురుగా కూర్చున్న మనిషి గురించి కాదు.

నా స్నేహితురాలొకామె లెక్చరర్. రోజుకి నాలుగు మాత్రలు మింగినా తగ్గకపోతే డాక్టరు ఈ ఇంజక్షన్ సంగతి చెప్పి పరీక్ష చేయించారు. ఐజీఈ తక్కువ వచ్చింది. 'అవకాశం కొంచెం తక్కువ, అయినా కొన్ని నెలలు వాడి చూడొచ్చు' అన్నారు డాక్టరు. ఇంటికి చేరేసరికి ఆ మాట 'పనిచెయ్యదట' అయింది. 'గ్యారంటీ లేనిదానికి అంత డబ్బా?' అన్నాడు భర్త. అత్తగారు గొంగడి తీసి రుద్దుకోమంది. ఆ ఇంట్లోనే కొడుకు ఐఐటీ కోచింగ్‌కి లక్షలు కట్టినప్పుడు సీటు వస్తుందన్న గ్యారంటీ ఎవరూ అడగలేదు. 'పోనీలేవే, ఖర్చు నిజమే కదా' అంది నాతో.

ఖర్చు నిజమే. పనిచెయ్యని మందుకి అప్పుచేసి నెలలు పోగొట్టుకోవడం కూడా అన్యాయమే. అందుకే జోస్యం వద్దని నేను అనను. ముందే తెలిస్తే సైక్లోస్పోరిన్ లాంటి వేరే దారి గురించి త్వరగా ఆలోచించొచ్చు. 2025లో అమెరికా డుపిలుమాబ్‌నీ, రెమిబ్రుటినిబ్ అనే మాత్రనీ ఈ జబ్బుకి అనుమతించింది. తక్కువ అంకె అంటే వేరే దారి కూడా సిద్ధంగా ఉంచుకోమని అర్థం. కానీ ఎవరి బాధకి విలువ తక్కువో వాళ్ళ విషయంలో అదే అంకె 'ఇక చాల్లే' అనడానికి సాకవుతుంది. 'తక్కువ'ని 'లేదు'గా మార్చింది సైన్సు కాదు, ఇల్లు.

వైద్య భాష కూడా ఇందుకు సాయం చేస్తుంది. ఇంగ్లీషు వైద్య పత్రాల్లో మందు ఫలించకపోతే రోగి చికిత్సలో 'ఫెయిల్' అయిందని రాస్తారు. ఆమెకి 'నాన్ రెస్పాండర్' అని పేరు పెడతారు. మన మాటల్లో 'మందు పనిచెయ్యలేదు' అంటాం. ఓడింది మందు, మనిషి కాదు. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఈ కర్త ఎవరన్నది నాకు చిన్న విషయంగా కనబడదు. ఫెయిలైందన్న మాట పడ్డవాళ్ళు ఇంకో మందు అడగడానికి సిగ్గుపడతారు.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. ఈ మందు పనిచేసిందో లేదో తేల్చింది రక్తపరీక్ష కాదు. రోగి రోజూ దద్దుర్లకి సున్నా నుంచి మూడు, దురదకి సున్నా నుంచి మూడు మార్కులు వేసుకుంటుంది. వారానికి గరిష్ఠంగా 42. పైన చెప్పిన 36 శాతం ఆ డైరీల్లోంచి వచ్చిందే. అంటే మందుకి అనుమతి ఇవ్వడానికి ఆమె మాట సాక్ష్యంగా పనికొచ్చింది. ఆ మందు ఆమెకి ఇవ్వాలా వద్దా అన్నచోట మాత్రం ఆమె మాట ఎందుకు చెల్లదు?

కాబట్టి నేననేది ఇంతే. అంకె ముందు ఆమెకి చెప్పాలి, పక్కన కూర్చున్న భర్తకో తండ్రికో కాదు. 'తక్కువ అవకాశం' అంటే ఏమిటో అర్థమయ్యేలా చెప్పాలి. కొందరిలో మొదటి వారాల్లోనే, కొందరిలో ఆరు నెలలకి గానీ ఫలితం కనిపించదనీ చెప్పాలి. ఎన్నాళ్ళు వాడి చూడాలో, ఎప్పుడు ఆపాలో ముందే ఆమెతో మాట్లాడుకోవాలి. ఆపాల్సి వస్తే ఆమె డైరీ చూసి ఆపాలి. దురద ఎవరిదో, ఆ నిర్ణయమూ వాళ్ళదే కావాలి.