తీగకు కాయ బరువా?



ఫాల్గుణము మొదలు వైశాఖము వరకు ఒంగోలు ప్రాంతమున ప్రయాణము చేయువారికి ఒక దృశ్యము తప్పక కనబడును. చెన్నై నుండి కోల్‌కతాకు పోవు రహదారికి ఇరుప్రక్కల పుచ్చకాయలు రాశులుగా పోసియుండును. మిరపకు, ప్రత్తికి, పొగాకునకు పేరుగన్న నల్లరేగడి పొలములు ఆ సీమలో ఒకవైపు. కొత్తపట్నము దిక్కున సముద్రతీరము వెంబడి ఇసుకనేలలు మరియొకవైపు. నీరు నిలువని ఇసుకనేల పుచ్చపాదునకు మిక్కిలి అనుకూలము. యాత్రకు పోవు కుటుంబములవారు దారిలో బండి ఆపి, ఒక కాయ కోయించుకొని, దాహము తీర్చుకొని సాగిపోవుదురు. ఆ కాయలో నూటికి తొంబది పాళ్లకు పైగా నీరే. మండుటెండలో, కాలిన ఇసుకమీద, ఇంత చల్లని నీటిని దాచి యుంచిన శ్రీమన్నారాయణుని ఆ క్షణమున ఒక్కసారి తలచుకొన్నచో ఆ పండే ప్రసాదమగును.

నేడు ఆ రాశులలో చేరని ఒక్క కాయను గూర్చి మీకు మనవి చేయదలచితిని.

కొన్ని సంవత్సరముల క్రిందట, శ్రీ నృసింహ జయంతికి ఉపన్యాసము చెప్పుటకై ఆ ఇసుకనేలల వైపు ఒక గ్రామమునకు వెళ్లితిని. వైశాఖ శుద్ధ చతుర్దశికి ఇంకను ఒక దినమున్నది. పుచ్చపంట ముగిసినది. రైతులు పాదులు పీకివేసిరి. ఎండిన తీగలలో పశువులు మేయుచుండెను. ఒక చేని మూలను మాత్రము ఒకే ఒక పాదు పచ్చగా నుండెను. తాటాకుల నీడ క్రింద, వరిగడ్డి పరుపుమీద, చారలు గల పెద్ద కాయ యొకటి పడుకొనిన దూడవలె కనబడెను. ఎత్తి చూడబోయి, కదల్చలేక మానుకొంటిని. ప్రక్కన ఒక వృద్ధుడు చెంబుతో పాదునకు నీరు పోయుచుండెను.

"ఎవరికొరకు పెద్దాయనా, ఇంత కాయ?" అని అడిగితిని.

"నరసింహస్వామివారికి స్వామీ. ప్రతి ఏడూ జయంతికి ఒక్క కాయ పెంచుతాను. మావాడేమో, 'సీజను అయిపోయింది గదా నాన్నా, ఇంకెందుకీ నీళ్లు మోయడం?' అంటాడు."

ఆయన చెప్పిన విధానమును మీరును వినదగును. మాఘమాసమున గుంట తీసి, మాగిన పశువుల ఎరువు వేసి విత్తు నాటును. వేరునకు మరీ దగ్గరగా పడిన తొలి పిందెను త్రుంచివేయును. తీగ కొంత సాగిన పిమ్మట పడిన పిందెలలో బలమైనదానిని ఒక్కదానిని నిలిపి, తక్కినవానిని తీసివేయును. ఆకులు ఎండలో వండిన ఆహారమును పది పిందెలకు పంచినచో పదియు చిన్నకాయలే యగును. నాలుగు దినములు ఎండగట్టి అయిదవ దినమున కుండలతో క్రుమ్మరించినచో కాయ పగులును. కావున ప్రతిదినము ఒకే కొలతగా తడి పెట్టవలెను. అన్నింటికంటె ముఖ్యము, చివరి దినము వరకు ఆకును కాపాడవలెను.

ఈ విద్య దేశదేశములందు కలదు. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రమున హోప్ అను పట్టణము పెద్ద పుచ్చకాయలకు ప్రసిద్ధి చెందినది. ఆ దేశముననే టెనెసీ రాష్ట్రమున 2013లో పండిన ఒక కాయ 159 కిలోలు తూగి గిన్నిస్ గ్రంథమున కెక్కెను. మన అంగళ్లలో దొరకు షుగర్ బేబీ రకపు కాయ సాధారణముగా 3 నుండి 5 కిలోలు తూగును. ఆ దేశమున పెద్ద కాయలు పెంచువారును, మన వృద్ధుడును, పాటించు సూత్రము ఒక్కటే: తీగకు ఒక్క కాయ, ఋతువు ముగియు వరకు విడువని సేవ.

నేను మరల అడిగితిని: "ఆకైనను, పూవైనను, పండైనను, నీరైనను భక్తితో ఇచ్చినచో చాలునని గీతలో స్వామి సెలవిచ్చెను గదా. ఆయన తూచి పుచ్చుకొనడు. మరి ఇంత కాయ ఎందులకు?"

"ఆయనకు చిన్నకాయైనా చాలు స్వామీ, నాకే చాలదు. మూడు నెలలు దీని చుట్టూ తిరిగితే మూడు నెలలూ ఆయన గుర్తుంటాడు."

ఇంతటి మాట నా ఉపన్యాసములలో ఎన్నడును నేను చెప్పియుండలేదు. అటుపిమ్మట ఆయన చెంబు క్రింద పెట్టి, కొంతసేపు ఊరకుండి, మెల్లగా ఇట్లనెను:

"మా ఇంటిది నిరుడు పోయింది స్వామీ. పక్షవాతం వచ్చి రెండు నెలలు మంచాన ఉంది. మాట పడిపోయింది, మనుషుల్ని కూడా పోల్చుకోలేదు. గోవిందా అనకుండా ఏనాడూ పొయ్యి వెలిగించిన మనిషి కాదు. చివరికి ఆ పేరు ఒక్కసారి కూడా నోట రాలేదు. అంత్యకాలంలో తలచుకున్నవాడికే మోక్షమని మీరే చెబుతారు గదా! మరి ఆమె గతేమిటి స్వామీ?"

వెంటనే బదులు చెప్పలేకపోతిని. పాదువైపు చూచితిని. మొదట నున్న ఆకులు కొన్ని పసుపుబారినవి, కొన్ని ఎండిపోయినవి. కాయ తొడిమ దగ్గరి నులితీగ ఎండినది. కాయ నేలకు ఆనినచోట తెలుపు పోయి పసుపు వచ్చినది. ఇవి పండిన కాయకు గుర్తులు.

"పెద్దాయనా, ఈ ఆకులు ఎండిపోవుచున్నవి గదా, కాయలోని తీపి వెనుకకు పోవునా?" అంటిని.

ఆయన నవ్వెను. "ఎట్లా పోతుంది స్వామీ? ఆకు పచ్చగా ఉన్నప్పుడు చేరిన తీపి. అది లోపలే ఉంటుంది."

"మీ ప్రశ్నకు మీరే సమాధానము చెప్పితిరి" అని, శ్రీ వరాహమూర్తి భూదేవికి ఇచ్చిన అభయమును ఆయనకు వివరించితిని. మన పూర్వాచార్యులు చరమశ్లోకములలో ఒకటిగా ఎంచిన మాట అది. దానిని వివరించుటకై శ్రీ వేదాంతదేశికులు రహస్యశిఖామణి యను గ్రంథమునే రచించిరి. దాని తాత్పర్యమిది: దేహము, మనస్సు స్వస్థముగా నున్నపుడు నన్ను తలచిన భక్తుడు, అవసానమున కట్టెవలె, రాతివలె పడియున్నను, అతనిని నేను తలచుదును, నేనే పరమపదమునకు కొనిపోవుదును.

అంత్యస్మరణ అవసరమని గీత చెప్పుచున్నది. ఆ స్మరణకు శక్తి లేని భక్తుని విషయమున దానిని స్వామియే తన వంతుగా స్వీకరించునని వరాహమూర్తి సెలవిచ్చుచున్నాడు. ఆ తల్లి పొయ్యి దగ్గర ప్రతి ఉదయము చేర్చిన తీపి ఎక్కడికిని పోలేదు. ఆమె పలుకలేని ఆ రెండు నెలలు గోవిందుడే ఆమె పేరు పలుకుచుండెను.

భక్తులారా! ఈ పాదులో మరియొక పాఠము కలదు. తీగకు కాయ బరువా అని మన పెద్దలు అందురు. వ్రేలంత మందమైన తీగకు అంతటి కాయ బరువు కాకపోవుటకు కారణమేమి? బీర, కాకర పందిరి నెక్కును. పెద్ద పుచ్చకాయను పందిరికి వ్రేలాడదీసినచో తొడిమ తెగును. తీగ దానిని నేలమీద నుంచినది. బరువు భూదేవిది, పాలిచ్చు పని మాత్రము తీగది. మన సంప్రదాయమున దీనికే భరన్యాసమని పేరు. రక్షణభారమును స్వామి పాదములయందుంచి, ఆకు పచ్చగా నున్నంతవరకు మన కైంకర్యమును మనము మానకుండుట ప్రపన్నుని నడవడి. భారము దించుకొంటినని పని మానినవాడు ఎండిన తీగ. పని చేయుచు భారమును తానే మోయుదుననువాడు పందిరికి వ్రేలాడు కాయ.

ఇంకొకటి. ఖర్బూజ పండు ముగ్గినంతనే తొడిమ వదలును. పుచ్చకాయ ఎంత పండినను తీగను తానుగా వదలదు. తోటవాడు వచ్చి కోయవలెను. జీవునికి విడుదలయు అట్టిదే. పండుట వరకే మన వంతు. కోయు చేయి స్వామిది.

మరునాడు ఆ కాయను కోవెలకు మోసి తెచ్చినవాడు, నీళ్లు మోయుట ఎందులకన్న ఆ కుమారుడే. స్వామికి నివేదించి, ముక్కలు చేసి, పానకముతో పాటు ఊరందరికి పంచిరి. వృద్ధుడు తన ముక్కను కన్నుల కద్దుకొని, "తీపి ఉంది స్వామీ" అని మాత్రము అనెను.

గృహస్థులారా! మన ఇండ్లలో మంచము పట్టిన పెద్దలు ఉందురు. మాట లేదు, గుర్తు లేదు, ఇంక వినిపించి ఏమి ప్రయోజనమని ఊరకుండకుడు. వారి చెవిలో నామము వినిపించుడు. నోటిలో తీర్థము పోయుడు. ఋతువు ముగిసినదని మనము తలచు దినములలోనే స్వామి వారిని తలచుచుండును. ఆ సమయమున వారి చెంత నుండుట మనకు లభించిన కైంకర్యము. ఇక ఆరోగ్యముగా నున్న మనము నేడే నామము పట్టవలెను. కోసిన పిమ్మట పుచ్చకాయకు తీపి చేరదు.

తిరుమలలో స్వామిపుష్కరిణి గట్టున శ్రీ వరాహస్వామివారిని ముందుగా సేవించి, పిదప శ్రీవారి దర్శనమునకు పోవుట ఆచారము. ఈసారి ఆ సన్నిధిలో నిలిచినపుడు, మాట పలుకలేక మన ఇంటినుండి సాగిపోయిన పెద్దలను ఒక్కసారి తలచుకొనుడు. వారిని మరువనివాడు అక్కడ మన యెదుట నిలిచియున్నాడు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.